గోదావరికి గల కొలత నెట్టునకు లేదేల?

మన ప్రాంతమున చిన్నలును పెద్దలును దినమునకు పదిమాఱులు పలుకు మాట యొకటి కలదు: ‘నెట్టు లేదు.’ పాఠము నడుమ ఉపాధ్యాయుని బొమ్మ కదలక నిలిచిపోయినను ఈ మాటయే. దరఖాస్తు నింపి చివరి మీట నొక్కినపుడు తెరమీద చక్రము తిరుగుచునే యున్నను ఈ మాటయే. హైదరాబాదున నున్న కుమారుని కంఠము తునుకలు తునుకలుగ వినవచ్చినను ఈ మాటయే. జ్వరము వచ్చినవాడును, కాలు విఱిగినవాడును, పాము కఱచినవాడును వైద్యుని యొద్దకు పోయి ‘ఒంట్లో బాగులేదు’ అని మాత్రమే చెప్పి యూరకున్నచో నెట్లుండునో, ఇదియు నట్లే యున్నది. పైగా ముగ్గురును ఒక్క మందే యడుగుచున్నారు. ఆ మందు పేరు స్పీడు.

నెట్టునకు వచ్చు జబ్బులు వేఱువేఱు. వానిలో ముఖ్యమైనవి ఆలస్యము, నష్టము, వఱద. ఇంజనీర్లు వీనినే లేటెన్సీ, ప్యాకెట్ లాస్, ఫ్లడింగ్ అందురు. ఒకదానికి పనికివచ్చు మందు మఱియొకదానికి పనికిరాదు; కొన్నియెడల హానియు చేయును. వీనిని వేఱుగ గుఱుతించి అంకెలలో వ్రాసిపెట్టుట మనము నేర్చుకొననంతకాలము మన మొఱ నెవ్వరును ఆలకింపరనియు, ఆలకించినను తగిన చికిత్స చేయజాలరనియు మేము నమ్ముచున్నాము.

కొలత విలువ పినపాకవారికి క్రొత్తగ చెప్పవలసిన పని లేదు. ఒకవైపు అడవియు నొకవైపు గోదావరియు గల మండలము మనది. భద్రాచలము వద్ద నీటిమట్టము 43 అడుగులైనచో మొదటి హెచ్చరిక, 48 అయినచో రెండవది, 53 అయినచో మూడవది. ఈ మూడంకెలు మన యిండ్లలో చదువురాని ముదుసలులకు సైతము కంఠస్థములు. 1986 ఆగస్టు 16న 75.6 అడుగులు, 2022 జూలై 16న 71.3 అడుగులు అని తారీకులతో సహా చెప్పగలవారు మనలో పెక్కురు కలరు. ‘నీరు కొంచెము హెచ్చుగ నున్నది’ అని మాత్రమే చాటింపు వేసియుండినచో పశువుల నెప్పుడు విప్పవలయునో, మూట యెప్పుడు గట్టవలయునో యెవ్వరికి తెలిసెడిది? నదికి ఇంత చక్కని కొలత నుంచుకొన్న మనము, బిడ్డల చదువు ఆధారపడియున్న నెట్టు విషయమున మాత్రము ‘ఉన్నది’, ‘లేదు’ అను రెండు మాటలతోనే కాలము గడుపుచున్నాము.

ముందుగ ఆలస్యమును గూర్చి చెప్పెదము. కంపెనీలవారు స్పీడని ప్రకటించునది నిజముగ వేగము కాదు, వెడల్పు. సెకనునకు ఎంత సరకు పట్టునో ఆ యంకె చెప్పును. మాట పోయి జవాబు వచ్చుటకెంత సేపగునో చెప్పదు. కాళేశ్వరము వద్ద పెరిగిన నీరు మన యొడ్డునకు చేరుటకు గంటలు పట్టును. నది ఇరుకైనను వెడల్పైనను ఆ దూరము దూరమే. నెట్టుయందును అంతియే. వెలుతురు గాజుతీగలో సెకనునకు సుమారు 2 లక్షల కిలోమీటర్లు పోవును. ఇక్కడినుండి హైదరాబాదు సుమారు 300 కిలోమీటర్లనుకొన్నను, పోయివచ్చుటకు 3 మిల్లీసెకనులు, అనగా సెకనును వేయి భాగములు చేసిన మూడు భాగములు, చాలును. అమెరికాకు పోయివచ్చుటకు 200 మిల్లీసెకనులకు పైబడును. భూమికి 35,786 కిలోమీటర్ల యెత్తున నిలిచి కనబడు ఉపగ్రహము మీదుగ మాటలాడినచో, ప్రశ్నకు జవాబు వచ్చునప్పటికి సుమారు అరసెకను గడచిపోవును. ఇది ప్రకృతి విధించిన సుంకము. దీనిని ఏ ప్రభుత్వమును మాఫీ చేయజాలదు. సంభాషణము సుఖముగ సాగవలెనన్న మాట ఒకవైపు చేరు కాలము 150 మిల్లీసెకనులకు మించకుండుట మేలని అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ సంఘమువారు సూచించియున్నారు.

హైదరాబాదునకు మూడు చాలునన్నచో, రాత్రి తొమ్మిదింటికి మేము కొలిచినపుడు ఆఱువందలు, ఏడువందలు కనబడుటకు కారణమేమి? మిగిలిన కాలమంతయు దారి నడచుట కాదు, వరుసలో నిలుచుట. దారిలోని ప్రతి రౌటరునందును వచ్చిన సరకును కొంతసేపు నిలుపుకొను చావడి యొకటి యుండును. దానిని బఫరందురు. జ్ఞాపకశక్తి చిప్పలు చౌకయైన పిమ్మట, ఒక్క పొట్లమైనను పోరాదను మంచి తలంపుతో ఆ చావడులను మిక్కిలి పెద్దవిగ కట్టిరి. దానివలన నేమైనది? ఏదియు పోలేదు, అన్నియు ఆలస్యమైనవి. 2011 ప్రాంతమున జిమ్ గెటిస్ అను నింజనీరు ఈ జబ్బును బఫర్‌బ్లోట్ అను పేరుతో లోకమునకు చాటెను. 2012లో క్యాథ్‌లీన్ నికల్స్, వాన్ జేకబ్సన్ అనువారు దీనికి చెప్పిన చికిత్స వినుటకు వింతగ నుండును: వరుస ముదిరినదని తోచిన వెంటనే చావడి నిండకముందే ఒక పొట్లమును పాఱవేయుడు. పంపువానికది సంజ్ఞయై వాడు నెమ్మదించును. అనగా కొంచెము నష్టమే గొప్ప ఆలస్యమునకు మందు. జబ్బుల పేరులు వేఱుగ తెలియనివారికి ఈ వైద్యము పిచ్చిగ కనబడును.

ఇక నష్టము. నెట్టుమీద ఏ వస్తువును ముద్దగ పోదు. పాఠపుస్తకమును పుటలుగ విప్పి, ఒక్కొక్క పుటను వేఱు కవరులో నుంచి, చిరునామా వ్రాసి, వరుససంఖ్య వేసి టపాలో వేసినట్లు, ప్రతి విషయమును చిన్న పొట్లములుగ తెంచి పంపుదురు. ఒక్కొక్కటి సాధారణముగ 1,500 బైట్లకు మించదు. 1960 తరువాతి యేండ్లలో అమెరికాయందు పాల్ బారన్, ఇంగ్లాండునందు డొనాల్డ్ డేవిస్ ఒకరినొకరెఱుగకయే ఈ పద్ధతి నాలోచించిరి. ప్యాకెట్ అను పేరు డేవిస్ పెట్టినది. దారిలోని యంత్రములు ప్యాకెట్టును చేర్చుటకు ప్రయత్నించునే కాని చేర్చెదమని హామీ యీయవు. చావడి నిండినచో పాఱవేయును. పాఱవేసితిమని కబురైనను సాధారణముగ పంపవు. అందినదని రసీదు రాకున్నచో పంపినవాడే గ్రహించి మఱల పంపవలెను.

ఈ మఱల పంపుటయందే ముప్పు దాగియున్నది. గోదావరి 75.6 అడుగులెక్కిన ఆ 1986వ సంవత్సరముననే, రెండు నెలల పిమ్మట అక్టోబరులో, అమెరికాలోని కాలిఫోర్నియాయందు మఱియొక వఱద వచ్చినది. బర్కిలీ విశ్వవిద్యాలయమునకును లారెన్స్ బర్కిలీ ప్రయోగశాలకును దూరము 400 గజములు. ఆ నడుమ సెకనునకు 32,000 బిట్లు పోవుచుండిన దారి ఉన్నట్టుండి 40 బిట్లకు పడిపోయినది. 40 బిట్లనగా ఇంగ్లీషు అక్షరములు అయిదు. తెలుగైనచో రెండక్షరములు కూడ పూర్తిగ పోవు. కంప్యూటరునందు మన అక్షరమునకు సాధారణముగ మూడు బైట్లైన పట్టును. తీగ తెగలేదు. యంత్రము చెడలేదు. రద్దీచే కొన్ని ప్యాకెట్లు ఆలస్యమాయెను. రసీదు రాలేదని పంపినవారందఱును మఱల పంపిరి. ఆ రెండవ ప్రతులచే రద్దీ యింకను హెచ్చెను. అంతట మూడవ ప్రతులు బయలుదేరెను. దారియంతయు నిండియున్నది, కాని నిండినదంతయు చెప్పినమాటనే మఱల చెప్పుట. గమ్యమునకు చేరునది మాత్రము దాదాపు సున్న.

వాన్ జేకబ్సన్, మైకెల్ కారెల్స్ అనువారు దీనిని పరిశోధించి 1988లో ప్రకటించిన యుపాయము మిగుల సరళమైనది. నష్టము కనబడినచో రద్దీ కలదని తలంచి పంపు జోరు తగ్గింపుము. పిమ్మట కొంచెము కొంచెముగ పెంచుము. రసీదు రాకున్నకొలది వేచియుండు కాలమును రెండింతలు, నాలుగింతలు చేయుచు పొమ్ము. దీనిని బలవంతముగ నడపు రక్షకభటుడెవ్వడును లేడు. ఎక్కడెక్కడి కంప్యూటరులును తమంత తాము ఒదిగియుండుటచేతనే ఇంత పెద్ద నెట్టు నిలిచియున్నది. యంత్రములకు నేర్పిన ఈ మర్యాదను మనుష్యులమైన మనము పాటించుచున్నామా యను ప్రశ్నకు తరువాత వచ్చెదము.

అంతకుముందు ఒక యన్యాయమును చెప్పవలసియున్నది. ఈ నియమము రద్దీగల పట్టణములను కాపాడెను. అడవియంచుననున్న మనకు కొంత కీడుచేసెను. మనయొద్ద ప్యాకెట్టు పోవుట కెల్లవేళల రద్దీయే కారణము కాదు. టవరు దూరము, నడుమ గుట్ట, వానకు తడిసిన దట్టమైన యాకు, నిర్జీవమైన బ్యాటరీ, రోడ్డు త్రవ్వునపుడు దెబ్బతిన్న తీగ, ఇట్టివి కారణములు. దారి ఖాళీగనే యున్నను, ఎక్కడనో ముంబయిలోనున్న సర్వరు రసీదు రాలేదని ‘అక్కడ జనసమ్మర్దముగ నున్నది కాబోలు’ అనుకొని మెల్లగించును. 1997లో కొందఱు శాస్త్రజ్ఞులు ఈ లెక్కను సూత్రముగ కట్టిరి: ఆలస్యము రెండింతలైన జోరు సగమగును; నష్టము నాలుగింతలైనను సగమే యగును. పోయివచ్చుటకు 100 మిల్లీసెకనులు పట్టుచు, నూటికొక ప్యాకెట్టు పోవుచున్నచో, పాత నియమము పాటించు ఒక్క సంబంధము సెకనునకు సుమారు 14 లక్షల బిట్లను మించి మోయజాలదు. మనము నాలుగు కోట్ల బిట్ల ప్యాకు కొనుక్కొన్నను అంతియే. టవరులు కొంతవఱకు తామే మఱల పంపి ఈ నష్టమును కప్పిపుచ్చును. అపుడది ఆలస్యముగ మాఱి కనబడును. 2016లో గూగులువారు నష్టమును బట్టి కాక కొలిచిన జోరును బట్టి నడచు క్రొత్త నియమమును ప్రకటించిరి. కాని యన్ని సర్వరులును దానిని గైకొనలేదు. ఇంకను పెద్ద ప్యాకు కొనుడని దుకాణదారుడు చెప్పు సలహా ఇట్టిచోట వృథావ్యయము.

2020లో బడులు మూతపడినపుడు ఈ సంగతులేవియు మాకు తెలియవు. మేమెఱిగిన యొక బాలిక సిగ్నలుకొఱకు ఊరివెలుపలి గుట్టయెక్కి, గొడుగు క్రింద కూర్చుండి పాఠము వినెడిది. గంటలో మూడుమాఱులు సంబంధము తెగెడిది. పేరు పిలిచినపుడు ఆమె ‘ఉన్నానండీ’ అన్న మాట మాకు చేరునప్పటికి తరువాతి పేరు పిలిచియుండెడివారము. ఆమెకు గైరుహాజరు వేసినవారము మేమే. ఆ మాట దారిలో వరుసలో నిలిచియున్నదని అపుడు తోచలేదు. పిల్ల అశ్రద్ధ యనుకొంటిమి. ఆ సంవత్సరము సెప్టెంబరు 1 నుండి దూరదర్శన్ యాదగిరి ద్వారమునను, టి-శాట్ ద్వారమునను రాష్ట్రమునందు పాఠములు ప్రసారమయ్యెను. దానిలోని సుగుణము నిప్పుడు గ్రహించుచున్నాము. ప్రసారమున ఒక్కడు చూచినను పది లక్షలమంది చూచినను భారమొక్కటే. రసీదు లేదు, మఱల పంపుట లేదు, రద్దీ లేదు. పాఠము చెప్పుటకది చాలును. సందేహ మడుగుటకు మాత్రము నెట్టు కావలెను. ఆ సందేహము నాలుగు వాక్యముల వ్రాతయైనచో ఎంత సన్నని దారిలోనైనను పోవును. ముఖము చూపుచు గంటసేపు బోధించుటయే విద్యయని పట్టుబట్టుట పట్టణపు విలాసమని మా తలంపు.

వఱద యను మూడవ జబ్బు మొదట జబ్బు కాదు, పద్ధతియే. చిరునామా యెఱుగని పొట్లము వచ్చినపుడు స్విచ్చి దానిని అన్ని ద్వారములకును పంపును. ఊరిలో నెవరియిల్లో తెలియనపుడు దండోరా వేయించినట్లన్నమాట. ఆ యింటివాడు బదులు పలికిన పిదప దండోరాతో పని లేదు. అయితే దండోరా వేయువాడు తిరిగి తిరిగి తన చాటింపును తానే విని, మఱియొకడు వేసినదనుకొని మఱల చాటినచో? మా కంప్యూటరు గదిలో నొకనాడు ఇదియే జరిగినది. శుభ్రము చేయుచున్న విద్యార్థి యొకడు వ్రేలాడుచున్న కేబులు చూచి, సదుద్దేశముతో దాని రెండవ కొసను గూడ అదే స్విచ్చిలో దూర్చెను. ఒక్క నిమిషములో దీపములన్నియు ఒక్కుమ్మడిగ మిణుకు మిణుకుమనెను. గదిలోని యంత్రములన్నియు స్తంభించెను. నెట్టు పోయినదని కంపెనీవారికి ఫోనుచేసి వారిని తప్పుపట్టినవారము సాయంకాలమునకు కేబులు చూచి సిగ్గుపడితిమి. రౌటరు మీదుగ పోవు ప్యాకెట్టునకు ఆయుర్దాయపు లెక్క యొకటి యుండును. ప్రతి రౌటరు ఒకటి తగ్గించును. సున్న కాగానే నశించును. స్విచ్చిలోని చాటింపునకు అట్టి యాయువు లేదు గనుక చుట్టు ఏర్పడినచో అంతము లేక తిరుగును. ఇట్టి చుట్టులను యంత్రమే కనిపెట్టి తెంచు ఉపాయమును 1985లో రేడియా పెర్ల్‌మన్ అను విదుషి కల్పించెను. చౌకరకపు స్విచ్చిలలో అది తఱుచుగ నుండదు.

బుద్ధిపూర్వకముగ వఱద పుట్టించు దుర్మార్గులును కలరు. 2016 అక్టోబరు 21న మిరాయి అను దుష్టక్రమణిక బారినపడిన కెమెరాలు, ఇంటి యుపకరణములు లెక్కకు మిక్కిలిగ చేరి, డిన్ అను సంస్థను ముంచి, అమెరికాలో ట్విట్టరు మొదలగు సేవలను గంటలకొలది అందకుండ చేసెను. ఆ కెమెరాల యజమానులలో పెక్కురు చేసిన తప్పు కర్మాగారమువారు పెట్టిన సంకేతపదమును మార్చకుండుటయే. మన దుకాణములలోను, ఇండ్లలోను కెమెరాలు పెట్టించుకొన్నవారు ఈ వాక్యమును రెండుమాఱులు చదువవలెనని మనవి.

కాని మనకు తఱుచుగ వచ్చు వఱద దుర్మార్గులు తెచ్చునది కాదు, మనము తెచ్చునది. ‘నెట్టు’ అను మాటకు మన భాషలో త్రోయుట యను నర్థము ముందే యున్నది. పరీక్షాఫలితములు వెలువడునాడు ఒక్కొక్కయింట నాలుగు ఫోనులు పట్టుకొని, పుట తెఱచుకొనలేదని నిమిషమునకు పదిమాఱులు నొక్కువారమందఱమును ద్వారమువద్ద త్రోపులాడుచున్నవారమే. 2021 ఏప్రిలు 28న పదునెనిమిదేండ్లు దాటినవారికి టీకా నమోదు సాయంకాలము 4 గంటలకు తెఱచినపుడు కోవిన్ మొదటి నిమిషములలో తడబడినది. ఆ దినమున నమోదైనవారు కోటికి పైబడిరి. 1986లో యంత్రములు చేసిన పొరపాటే యిది, చేతులు మాత్రము మనవి. రసీదు రానపుడు ఆగుట, రెండవమాఱు ఇంకను ఎక్కువసేపు ఆగుట, ఇదియే జేకబ్సన్ యంత్రములకు నేర్పినది.

అట్లని తప్పంతయు నొక్కువారిదే యనుట న్యాయము కాదు. దరఖాస్తులకు చివరి గడువు ఊరందఱికిని ఒకేరాత్రి పండ్రెండు గంటలకు పెట్టువా రెవరు? రెండువందల యక్షరములలో తెలుపదగిన ఫలితమునకు రంగురంగుల బొమ్మలు చేర్చి పుటను బరువెక్కించువారెవరు? జిల్లాలకు వేఱువేఱు గంటలు కేటాయించినను, ఫలితమును అక్షరములలోనే యిచ్చినను వఱద సగము తీయును. ఇవి ఖర్చులేని పనులు.

గాజుతీగ ప్రతి గ్రామపంచాయతికిని వచ్చినచో అన్నియు చక్కబడునని కొందఱు పెద్దలు మాతో వాదించిరి. తీగ రావలసినదే, 2011లో కేంద్రప్రభుత్వము తలపెట్టిన ఆ కార్యము ఎంత త్వరగ పూర్తియైన నంత మేలు. కాని తీగ వెడల్పునిచ్చును. పెద్దదైన చావడిని చిన్నది చేయదు, త్రోపులాటను మాన్పదు, స్విచ్చిలోని చుట్టును విప్పదు. ప్రభుత్వము ఊరకున్నదనియు మేమనము. టెలికాం నియంత్రణ సంస్థవారు 2024లో చేసిన నిబంధనలలో ఆలస్యమునకును, ప్యాకెట్ల నష్టమునకును హద్దులు చేర్చిరి. సంతోషమే. అయితే సగటు సర్కిలు మొత్తమునకు కట్టుదురు. మన సర్కిలులో రెండు తెలుగు రాష్ట్రములును కలవు. హైదరాబాదు, విశాఖపట్నములతో పినపాకను కలిపి సగటు కట్టుట, నాసికునందలి గోదావరి లోతును భద్రాచలపు లోతును కలిపి భాగించి, ప్రమాదము లేదనుటవంటిది.

కనుక మన కొలత మనమే యుంచుకొనవలెను. దానికి గావలసిన పనిముట్టు మన కంప్యూటరులలో ముందే యున్నది. 1983 డిసెంబరులో మైక్ మూస్ అను నతడు వ్రాసిన పింగ్ అను చిన్న క్రమణిక, దూరపు యంత్రమును ‘ఉన్నావా?’ యని యడిగి, ‘ఉన్నాను’ అను బదులు వచ్చుట కెన్ని మిల్లీసెకనులైనదో చెప్పును. ఉదయము ఏడింటికి, మధ్యాహ్న మొంటిగంటకు, రాత్రి తొమ్మిదింటికి నూఱేసి ప్రశ్నలడిగి, ఎన్ని బదులులు రాలేదో, కనిష్ఠమెంతో, గరిష్ఠమెంతో వ్రాసినచో చాలును. కనిష్ఠమే యెల్లప్పుడు హెచ్చుగ నున్నచో అది దారి దూరము. ఉదయము తక్కువయై రాత్రి విపరీతమైనచో వరుస. ఎవ్వరును మేల్కొనని వేళ కూడ బదులులు పోవుచున్నచో టవరో తీగయో చెడినది. మన గదిలోని రౌటరే ఆలస్యముగ పలికినచో కంపెనీని తిట్టకముందు మన కేబులు చూచుకొనవలెను. ఒక హెచ్చరిక: బదులుకొఱకు ఆగక ఎడతెగక ప్రశ్నలు కురిపించు మార్గము కూడ ఆ క్రమణికలో కలదు. అది వఱదయే, దాని జోలికి పోరాదు.

ఈ పని తొమ్మిదవ తరగతివారు పూనుకొనిరి. పగటి కొలతలు బడిలో, రాత్రి కొలత ఉపాధ్యాయుల వసతిలో. ఇండ్లలో కంప్యూటరుగల తల్లిదండ్రులు తమ యూరి యంకెలను చీటిమీద వ్రాసి పిల్లలచే పంపిన, వానిని గూడ ఎక్కించెదము. ఏడూళ్ల బయ్యారము, మణుగూరు వైపులనుండి వచ్చువారి చీటులు మాకు ముఖ్యముగ కావలెను. నాలుగు గడులు గీసిన పుస్తకము కంప్యూటరు గది తలుపుప్రక్క మేకునకు వ్రేలాడుచున్నది. పెన్సిలు దారముతో కట్టియున్నది.